చర్మం మీద ఎండ జాడ

చిరంజీవి మనుమరాలికి ఆశీస్సులు.

చర్మవైద్యం చదవబోయే విద్యార్థి మొదట పెద్దవారి చేతిని పరిశీలించడం మంచిది. ముంజేతి వెలుపలి భాగానికీ, చంక కిందుగా దండచేయి లోపలి భాగానికీ వయసు ఒక్కటే అయినా, మొదటిది నల్లబడి, గరుకుదేలి, సన్నని ముడతలు పడి ఉండగా రెండవది నునుపుగానే మిగిలి ఉంటుంది. ముసలితనం ఖాతాలో వేసే మార్పుల్లో చాలావరకు ఎండ చేసినవేనని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఎండలో కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలు ఉంటాయి. వీటిలో యూవీ-బీ చర్మపు పైపొరలోనే చాలావరకు ఆగి, కణాల డీఎన్ఏను దెబ్బతీసి, చర్మం కమిలిపోయేలా చేస్తుంది. యూవీ-ఏ లోపలి పొరదాకా దిగి, చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులను క్షీణింపజేస్తుంది. మామూలు కిటికీ అద్దం మొదటిదాన్ని దాదాపుగా అడ్డుకుంటుంది గాని రెండవదాన్ని ఆపలేదు. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించిన ఛాయాచిత్రంలో, 28 ఏళ్లు సరుకుల బండి నడిపిన 69 ఏళ్ల డ్రైవరు ముఖంలో కిటికీ వైపున్న ఎడమ చెంప దళసరెక్కి, లోతైన ముడతలతో, కుడి చెంపకంటె ఎంతో ముసలిదిగా కనిపిస్తుంది. (మన లారీల్లో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు గనుక ఇక్కడ చూడవలసింది కుడి చెంపను.)

చామనఛాయ చర్మాన్ని ఎండ ఏమీ చేయదన్న నమ్మకం సగమే నిజం. మెలనిన్ అనే వర్ణద్రవ్యం కిరణాలను కొంత పీల్చుకోవడం వల్ల మనవారిలో చర్మపు క్యాన్సరు తక్కువే అయినా, మంగు మచ్చలు ముదరడానికి ఆ ఎండే దోహదం చేస్తుంది. వేడినిబట్టి ప్రమాదాన్ని అంచనా వేయడమూ పొరపాటే: వేడి రెండు మూడు గంటలకు ముదిరితే, ఈ కిరణాలు సూర్యుడు నడినెత్తికి వచ్చే పన్నెండు ప్రాంతంలోనే తీవ్రంగా ఉంటాయి.

మిరపకోతకు వెళ్లే కూలి స్త్రీలు చీరమీద మగవారి పాత పొడుగుచేతుల చొక్కా తొడుక్కుని తలకు తువ్వాలు చుట్టుకోవడం ఏ లేపనానికీ తీసిపోని రక్షణ. సన్‌స్క్రీన్ పూయవలసింది బట్ట కప్పని చోటనే. దానిమీద ముద్రించే ఎస్‌పీఎఫ్ అంకె ప్రధానంగా యూవీ-బీకి సంబంధించినది. 30 గలది సుమారు 97 శాతాన్ని, 50 గలది 98 శాతాన్ని ఆపుతాయి కనుక పెద్ద అంకెకు పెద్ద ధర పెట్టడంకంటె, చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల లెక్కన దండిగా పూసి, ఆరుబయట ఉన్నంతసేపూ రెండు గంటలకొకసారి మళ్లీ పూయడమే మేలు. యూవీ-ఏ రక్షణకు పీఏ అక్షరాల పక్కనున్న ప్లస్ గుర్తులను చూడాలి.

చిరంజీవి మరొకటి గుర్తుంచుకోవాలి. నల్లబడిన ముఖం తెల్లబడాలని మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన క్రీములు చర్మాన్ని పలచబరచి, ఎండ తగిలితే చాలు ఎర్రబడి మండేలా చేస్తాయి. అవి రాసుకుని వచ్చిన రోగిని ముందుగా అడగవలసింది ఏ క్రీము, ఎన్నాళ్లుగా అనే.

శుభాశీస్సులతో,
తాతయ్య