కడలి దాటిన దత్తత

సంతానం లేనివారు బిడ్డను పెంచుకొనే ఆచారం మన సమాజంలో అనాదిగా ఉన్నది. 1956 నాటి దత్తత చట్టం హిందువులకే పరిమితం. అందువల్ల విదేశీ దంపతులు 1890 నాటి చట్టం కింద న్యాయస్థానంలో సంరక్షకులుగా అనుమతి పొంది, శిశువును తీసుకొనిపోయి స్వదేశంలో దత్తత పూర్తిచేసుకొనేవారు. అప్పట్లో అమెరికాకు తీసుకొనిపోవాలంటే ఆ శిశువు వలస చట్టం దృష్టిలో ‘అనాథ’ కావలసి ఉండేది. తల్లిదండ్రులు బ్రతికి ఉన్న బిడ్డ కూడా పరిత్యాగపత్రంతో అనాథ కాగలిగేది!

నల్లగొండ జిల్లా దేవరకొండ మెట్టప్రాంతంలోను, మహబూబ్‌నగర్ జిల్లాలోను లంబాడీ తండాలు అధికం. పూర్వం వరుని పక్షమే వధువు ఇంటికి ఓలి చెల్లించేది. క్రమంగా వరకట్నం ఆ స్థానాన్ని ఆక్రమించింది. వానను నమ్ముకొన్న సేద్యం, కరవు, వలసకూలి బ్రతుకుల నడుమ ఆడపిల్ల పుట్టుక భారమయింది. ఈ తండాలలో పసికందులను స్వల్పధనమిచ్చి తెచ్చి దత్తత సంస్థలకు చేర్చిన దళారుల ఉదంతాలు 1999లోను, 2001లోను బయటపడ్డాయి. కల్పిత పత్రాలూ వెలుగుచూశాయి. పలువురు శిశువులను హైదరాబాదులోని శిశువిహార్‌కు తరలించారు. విదేశీ దంపతులలో పలువురు ఈ సంగతి ఎరుగరు. వారిని నిందించడం సులభమే గాని న్యాయం కాదు.

నిబంధనలు లేకపోలేదు. లక్ష్మీకాంత్ పాండే వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1984లోనే, ప్రసవానికి ముందుగాని, తరువాత మూడు నెలలలోగాని బిడ్డను ఇచ్చివేసే నిర్ణయానికి తల్లిని పురికొల్పరాదని చెప్పింది. పెంచుకొనబోయేవారి ఆదాయం, ఆరోగ్యం, గృహస్థితి పరిశీలించే నివేదికలు సముద్రాల కావలినుండి వచ్చేవి. తండాలోని తల్లి ఏమి విని, ఏమి అర్థం చేసుకొని వేలిముద్ర వేసిందో విచారించే నివేదిక మాత్రం అంత శ్రద్ధగా సాగలేదు. లోపం ఇక్కడనే ఉన్నది.

2001లో రాష్ట్ర ప్రభుత్వం పేదరికం వంటి కారణాలతో శిశువులను వదులుకొనడాన్ని నిషేధించింది. అంతర్దేశ దత్తతలపై 1993 నాటి హేగ్ ఒప్పందాన్ని భారతదేశం 2003లో ధ్రువీకరించింది. 2015 నాటి బాలల న్యాయచట్టం ప్రకారం బిడ్డను అప్పగించిన తల్లిదండ్రులకు పునరాలోచనకు రెండు నెలల గడువు ఉన్నది.

నాటి శిశువులు నేడు యౌవనంలో ఉన్నారు. పద్దెనిమిదేళ్లు నిండిన దత్తసంతానం తన మూలాలను అన్వేషించుటకు నిబంధనలు వీలు కల్పిస్తున్నాయి. అయితే కల్పిత పత్రంపై ఉన్న పేరు ఏ తండాకూ దారి చూపదు.