ఊపిరికి లెక్క – జీవసాంఖ్యక శాస్త్రాధ్యయనం

మహాభారతం అరణ్యపర్వంలోని నలోపాఖ్యానంలో ఋతుపర్ణ మహారాజు రథంపై పోతూ దారిలోని తాండ్రచెట్టుకు ఆకులెన్నో, కాయలెన్నో చెబుతాడు. సారథిగా ఉన్న బాహుకునికి, అంటే రూపం మారిన నలునికి, ఆ మాటపై నమ్మకం కుదరదు. రథం ఆపి, చెట్టును కూల్చి లెక్కిస్తాడు. లెక్క సరిపోతుంది. ఒక్కొక్కటిగా ఎంచకుండానే మొత్తాన్ని గ్రహించే విద్యకు మన వాఙ్మయంలో ఇంతకంటె చక్కని ఉదాహరణ అరుదు. అయితే నలునికి చెట్టును కూల్చి సరిచూసుకొనే వీలు ఉండింది. ఎంచవలసినవి మనుషుల ఆరోగ్యమూ ఆయువూ అయినప్పుడు ఆ వీలుండదు. అక్కడ పనికివచ్చేది జీవసాంఖ్యక శాస్త్రం. కళాశాలలలో దీనికి బయోస్టాటిస్టిక్స్ అని వ్యవహారం.

ఈ శాస్త్రం అవసరమేమిటో గోదావరిఖని, రామగుండం ప్రాంతపు సింగరేణి కార్మికుల జీవితమే తెలుపుతుంది. వారు గనిని ‘బాయి’ అంటారు. బాయిలో పీల్చిన సన్నని బొగ్గుధూళి ఏళ్ల తరబడి ఊపిరితిత్తులలో పేరుకొని న్యూమోకోనియోసిస్ అనే వ్యాధికి దారితీయవచ్చు. 1955 నాటి గనుల నియమావళి ప్రకారం కార్మికునికి పనిలో చేరేటప్పుడూ, ఆ పిమ్మట ఐదేళ్లకు మించని వ్యవధిలోనూ వైద్యపరీక్ష జరగాలి. ఇరవై ఏళ్లు బాయిలోకి దిగినవానికి ఈ వ్యాధి సోకే అవకాశం ఎంత? ఉపరితలంలో పనిచేసేవానికంటె అది ఎన్ని రెట్లు ఎక్కువ? వైద్యపరీక్షల కాగితాలు ముందేసుకొని కూడికలు, భాగహారాలు చేస్తే తేలిపోయే ప్రశ్నలుగా ఇవి కనిపిస్తాయి. కాని వాటిలో చిక్కులున్నాయి.

బాయిలోకి బీడీ, అగ్గిపెట్టె నిషిద్ధం. పైకి వచ్చిన తరువాత బీడీ ముట్టించేవారు ఉంటారు. అప్పుడు దగ్గుకు కారణం ధూళి అనాలా, పొగ అనాలా? ఇది మొదటి చిక్కు. జబ్బుపడినవారు ముందే పని మానుకుంటారు కనుక, ఈనాడు బాయిలో ఉన్నవారిని మాత్రమే పరీక్షిస్తే అందరూ ఆరోగ్యవంతులుగానే తోస్తారు. ఇది రెండవది, మిక్కిలి మోసకారి. ఇక మూడవది కాలానికి సంబంధించినది. వ్యాధి కొందరిలో పదవీ విరమణ తరువాత బయటపడుతుంది. పరిశీలన ముగిసేనాటికి వ్యాధి లేనివానికి ఇక రాదని చెప్పలేము.

ఎం.ఎస్‌సి. బయోస్టాటిస్టిక్స్ పాఠ్యప్రణాళికను ఈ చిక్కుల వెలుగులో చదివితే అది కేవలం విషయాల పట్టికగా కనిపించదు. ఇది సాధారణంగా రెండేళ్ల చదువు. వేలూరులోని క్రైస్తవ వైద్య కళాశాలలో ఈ కోర్సు ఉన్నది. ముంబయిలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ దీనిని జనాభాశాస్త్రంతో కలిపి బోధిస్తుంది. మొదట సంభావ్యత, ప్రతిచయనం, అంచనా, పరికల్పనల పరీక్ష నేర్పుతారు. ఇంటర్మీడియట్ గణితంలోని విస్తరణ కొలతలు, యాదృచ్ఛిక చలరాశులు ఈ మేడకు తొలిమెట్లే. ధూళి ప్రభావాన్నీ బీడీ ప్రభావాన్నీ విడదీసి చూపేది ప్రతిగమన విశ్లేషణ. ఎవరిని పరీక్షించాము, ఎవరిని విడిచాము అని నిలదీసేది వ్యాధివ్యాప్తి శాస్త్రం. కాలం తెచ్చిన చిక్కును విప్పేది జీవితకాల విశ్లేషణ. ఇందులో కప్లాన్, మేయర్ల పద్ధతి 1958లోను, కాక్స్ పద్ధతి 1972లోను వెలువడ్డాయి. వీటితోపాటు చికిత్సా ప్రయోగాల రూపకల్పన, కంప్యూటర్‌పై దత్తాంశాల నిర్వహణ ఉంటాయి. చివర సొంత దత్తాంశంతో ఒక పరిశోధన వ్యాసం రాయాలి.

రెండవ చిక్కును వేల్స్ దేశపు బొగ్గులోయలో ఎదుర్కొన్నవాడు ఆర్చీ కాక్రేన్. అతడు వైద్యుడు. లండన్‌లో బ్రాడ్‌ఫర్డ్ హిల్ వద్ద సాంఖ్యక పద్ధతులు నేర్చుకొన్నాడు. 1950 దశకంలో రోండా ఫాఖ్ లోయలో గని కార్మికులను, పని మానుకొన్నవారిని సైతం వెదకి, పదింట తొమ్మిది మందికి పైగా ఎక్స్‌రే తీయించాడు. రానివారిని వదిలేస్తే లెక్క చెడుతుందని అతడు ఎరుగును. 1993లో ఏర్పడిన కాక్రేన్ సంస్థకు అతని పేరే పెట్టారు.

ప్రవేశార్హత దగ్గర మన విద్యార్థులకు ఒక ఇబ్బంది ఎదురవుతుంది. పలు సంస్థలు డిగ్రీలో గణితమో సాంఖ్యక శాస్త్రమో చదివి ఉండాలని కోరుతాయి. కొన్నిచోట్ల వైద్యవిద్య పూర్తిచేసినవారికీ అవకాశం ఉంటుంది. ఇంటర్‌లో బైపీసీ చదివినవారికి గణితం దూరమవుతుంది, ఎంపీసీ వారికి దేహధర్మం దూరమవుతుంది. పదహారేళ్లకే రెండు గదులుగా విడదీసిన చదువు ఇది! డిగ్రీలో సాంఖ్యక శాస్త్రం ఎంచుకొన్న ఎంపీసీ విద్యార్థికి ఈ ద్వారం సులువుగా తెరుచుకొంటుంది. జీవశాస్త్రపు మెలకువలను అతడు తరువాత నేర్చుకోవచ్చు.

తెలుగువారిలో ఈ దారి తొక్కినవారికి కలియంపూడి రాధాకృష్ణారావు ఆద్యుడు. 1920లో జన్మించిన ఆయన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, 1941లో కలకత్తాలోని భారతీయ సాంఖ్యక సంస్థలో చేరారు. 1943లో కలకత్తా విశ్వవిద్యాలయం నుండి సాంఖ్యక శాస్త్రంలో ఎం.ఏ. పట్టం పొందారు. తరువాత కేంబ్రిడ్జిలో సూడాన్ దేశపు జెబెల్ మోయాలో తవ్వితీసిన ప్రాచీన అస్థిపంజరాలను కొలిచి, జీవవర్గీకరణలోని సాంఖ్యక సమస్యలపై 1948లో డాక్టరేట్ పొందారు. గణితజ్ఞుడు ఎముకలు కొలవడానికి కూర్చోవడం ఆనాడు వింతగా తోచి ఉండవచ్చు. 2023లో అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర పురస్కారం అందుకొన్న ఆయన అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు.

రామగుండంలో 2022లో వైద్య కళాశాల ఆరంభమైంది. అక్కడి వైద్యుడు ఒక కార్మికుని ఎక్స్‌రే చూసి వ్యాధిని చెప్పగలడు. ఆ మనిషి రొమ్ములోని మచ్చలో ధూళి వాటా ఎంత, పొగ వాటా ఎంత అని విడదీసి చెప్పడం మాత్రం ఏ శాస్త్రానికీ సాధ్యం కాదు. వేలమందిని ఏళ్లపాటు, పని మానుకొన్నవారితో సహా, వెంబడించి చూసినప్పుడే ఆ వాటా సమూహానికి తెలుస్తుంది. గాలిలో ధూళిని ఏ మేరకు తగ్గించాలో, ఏ వయసు నుండి పరీక్షలు తరచుగా జరపాలో ఆ లెక్కను బట్టి నిర్ణయించాలి.