సౌండ్‌బార్ మధ్యలో మూగబోతుంటే కేబుల్ మార్చాలా?

ప్రశ్న: టీవీ యాప్‌లో సినిమా చూస్తుంటే సౌండ్‌బార్ ఉన్నట్టుండి ఒకటి రెండు సెకన్లు ఆగిపోతోంది. బొమ్మకు ఏ లోపమూ లేదు. ఖరీదైన హెచ్‌డీఎంఐ కేబుల్ కొనమంటున్నారు. కొనాలా?

జవాబు: అప్పుడే కొనకండి. ఆ కేబుల్‌లో నడిచేది డిజిటల్ సంకేతం. అది చెక్కుచెదరకుండా అందితే బంగారు పూత పిన్నులున్నా లేకున్నా వినిపించేది ఒకటే. నాసి కేబుల్ వల్ల శబ్దం తెగుతుందే గానీ మాధుర్యం తగ్గదు (అమ్మేవాళ్ళు మాత్రం మాధుర్యం గురించే చెబుతారు). అలాగని, బొమ్మ బాగుంది కాబట్టి కేబుల్ మంచిదే అనడానికీ వీల్లేదు. యాప్ శబ్దం ఏఆర్‌సీ (హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే శబ్దాన్ని వెనక్కి పంపే ఏర్పాటు) దారిలో టీవీ నుంచి సౌండ్‌బార్‌కు వెళ్తుంది. బొమ్మను మోసే తీగలు వేరు, ఈ తీగలు వేరు. అందుకే పరీక్షించి చూడాలి. టీవీ సెట్టింగ్స్‌లో డిజిటల్ ఆడియోను డాల్బీ నుంచి పీసీఎంకు (కుదించని శబ్దానికి) మార్చి అదే సినిమా పెట్టండి. ఆగడం మానేస్తే అనుమానం ముందుగా డాల్బీ సంకేతాన్ని పంపే, విప్పే సాఫ్ట్‌వేర్ మీదికి పోవాలి. టీవీ, సౌండ్‌బార్ రెండింటినీ అప్‌డేట్ చేయండి.

కేబుల్ మార్చగానే బాగైన ఇళ్ళూ ఉన్నాయి కదా అనొచ్చు. నిజమే. కానీ కేబుల్ పీకి మళ్ళీ గుచ్చితే రెండు పరికరాలూ కొత్తగా అనుసంధానమవుతాయి, వదులైన పిన్ను బిగుస్తుంది. ఆ ఘనత కొత్త కేబుల్‌కు దక్కుతుంది. కాబట్టి ఇంట్లోని మరో కేబుల్‌తో చూసి, బాగైతే పాతదాన్నే తిరిగి పెట్టండి. జబ్బు మళ్ళీ వస్తేనే కొనండి: రెండు మీటర్లు మించకుండా, ప్యాకెట్ మీద స్కాన్ చేయదగ్గ అల్ట్రా హై స్పీడ్ ముద్ర ఉన్నది.