కుళాయీ లేదు, కరెంటూ లేదు!

పిల్లలూ! మీ మాస్టారితో కలిపి పన్నెండుమంది మూడు రోజులు అడవి అంచున గుడారాలు వేసుకుని ఉండబోతున్నారనుకోండి. అక్కడ తిప్పడానికి కుళాయి లేదు, నొక్కడానికి స్విచ్చి లేదు. వెంట ఉన్నవి 300 లీటర్ల నీళ్లు, ఒక బ్యాటరీ. ఇవి సరిపోతాయా? "చూద్దాంలే" అనుకుంటే రెండో రోజు సాయంత్రానికే చిక్కులో పడతారు. రండి, బయలుదేరక ముందే లెక్క వేద్దాం.

నీళ్ల లెక్క

మొదట ఐదోవంతు, అంటే 60 లీటర్లు, ఆపద కోసం పక్కన పెట్టండి. మిగిలిన 240 లీటర్లను మూడు రోజులకు పంచితే రోజుకు 80 లీటర్లు. ఎండాకాలంలో ఒక్కొక్కరికి తాగడానికి 3 లీటర్లు అనుకుంటే 36 లీటర్లు కావాలి. వంటకు మనిషికి 2 లీటర్ల చొప్పున 24. ఇక మిగిలేది 20 లీటర్లే! చేతులకు, గిన్నెలకు అవే సరిపెట్టుకోవాలి.

పొద్దున్నే ముఖం కడగడానికి ఒక్కొక్కరు మూడు లీటరు చెంబులు గుమ్మరించారనుకోండి. 36 లీటర్లు పోతాయి. అంటే అందరూ రోజంతా తాగవలసిన నీళ్లు అయిపోయినట్లే! కాబట్టి స్నానానికి, బట్టలకు దగ్గరలోని వాగు నీరు వాడండి. ఆ నీటిని తాగక తప్పకపోతే తేర్చి, వడగట్టి, తెర్లిన తర్వాత కనీసం ఒక నిమిషం మరగనివ్వాలి.

బ్యాటరీ లెక్క

బ్యాటరీ మీద 12 వోల్టులు, 60 ఆంపియర్-గంటలు అని ఉంది. రెంటినీ గుణిస్తే 720 వాట్-గంటలు. అయితే ఇది కార్లలో ఉండే సీసపు పలకల బ్యాటరీ. వాడుతున్నకొద్దీ పలకల మీద లెడ్ సల్ఫేటు ఏర్పడుతుంది. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేసి వదిలేస్తే అది గట్టిపడి, మళ్లీ ఛార్జి చేసినా కరగదు. అందుకే సగం, అంటే 360 వాట్-గంటలే మనవనుకోవాలి. రాత్రికి 120 అన్నమాట.

5 వాట్ల ఎల్.ఇ.డి. దీపాలు నాలుగు, ఐదు గంటలు వెలిగితే 100 వాట్-గంటలు. మిగిలిన 20 ఆపదకు ఉంచండి. రాత్రివేళ ఎవరికైనా దెబ్బ తగిలితే వెలుగు కావాలి కదా! అదే వెలుగుకు పాత ఫిలమెంటు బల్బులైతే ఒక్కొక్కటి 40 వాట్లు తీసుకుంటుంది. నాలుగు వెలిగిస్తే రాత్రి వాటా అంతా ముప్పావు గంటలో హరించుకుపోతుంది!

లెక్కే ప్రాణం కాపాడింది

ఇలాంటి లెక్కే ఒకసారి అంతరిక్షంలో ముగ్గురిని బ్రతికించింది. 1970 ఏప్రిల్ 13న చంద్రుని వైపు వెళ్తున్న అపోలో-13 నౌకలో ఒక ఆక్సిజన్ తొట్టి పేలింది. భూమి అప్పటికి సుమారు 3,20,000 కిలోమీటర్ల దూరాన ఉంది. ఆ నౌకలో హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి విద్యుత్తునూ నీటినీ ఒకేసారి తయారుచేసేవి. ఆక్సిజన్ పోగానే రెండూ ఆగిపోయాయి. లోవెల్, స్విగర్ట్, హేజ్ అనే ముగ్గురూ పక్కనే తగిలించి ఉన్న చంద్రశకటంలోకి చేరారు. అది ఇద్దరికి రెండు రోజుల కోసం కట్టినది. ఇప్పుడు ముగ్గురికి నాలుగు రోజులు సరిపోవాలి!

అందులోని నీటిలో ఎక్కువ భాగం తాగడానికి కాదు, వేడెక్కే పరికరాలను చల్లబరచడానికి. కాబట్టి అవసరం లేని పరికరాలన్నీ ఆపేశారు. విద్యుత్తు తగ్గింది, వేడి తగ్గింది, దానితో నీటి ఖర్చూ తగ్గింది. లోపల దాదాపు 3 డిగ్రీల చలి. తాగడానికి మనిషికి రోజుకు ఒక గ్లాసు నీళ్లు. ఏప్రిల్ 17న వారు క్షేమంగా పసిఫిక్ సముద్రంలో దిగారు. శకటాన్ని వదిలే సమయానికి అందులో విద్యుత్తు ఐదోవంతు, నీరు పదోవంతు కంటే తక్కువ మిగిలాయి.

కాని ఒక్క సంగతి మరచిపోకండి. తాగే నీళ్లు తగ్గించినందువల్ల వారి ఒంట్లో నీరు తగ్గింది. హేజ్ జబ్బుపడ్డాడు. వారికి వేరే దారి లేదు, మీకు ఉంది. కడిగే నీళ్లలో కోత పెట్టండి, తాగే నీళ్లలో పెట్టకండి.

చేసి చూడండి

మన శిబిరంలో ఒక్కొక్కరి వాటా రోజుకు దాదాపు ఆరున్నర లీటర్లు. వచ్చే ఆదివారం అన్ని నీళ్లు ఒక బిందెలో కొలిచి పెట్టుకోండి. స్నానం, మరుగుదొడ్డి తప్ప తక్కిన అన్నిటికీ అవే వాడండి. మీ వంటకు పట్టే 2 లీటర్లు ముందే అమ్మకు ఇచ్చేయండి. ఏ గంటకు ఎన్ని మిగిలాయో రాసుకోండి. సాయంత్రం ఆ కాగితం చూస్తే నీళ్లు ఎక్కడ పోతున్నాయో మీకే తెలుస్తుంది!