తెచ్చుకున్న కోడ్‌కి కాపలా ఎవరు?

మన ల్యాప్‌టాప్‌లలో చాలావాటిలో వీఎల్‌సీ ఉంటుంది. 1996లో ఫ్రాన్స్‌లోని ఎకోల్ సెంట్రాల్ పారిస్‌లో మనలాంటి స్టూడెంట్స్ మొదలుపెట్టిన ప్రాజెక్ట్ నుంచే అది పుట్టింది. కానీ పనంతా దాని సొంత కోడే చేయదు. చాలా ఫార్మాట్‌లని డీకోడ్ చేసేది ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్. ఎంకేవీ ఫైల్‌ని విప్పేది లిబ్‌మట్రోస్కా, దానికి ఆధారం లిబ్‌ఈబీఎంఎల్. సబ్‌టైటిల్స్‌లో మన ఒత్తులు, గుణింతాలు సరైన చోట కూర్చోవడానికి హార్ఫ్‌బజ్ కావాలి. ఇవన్నీ వేరేవాళ్లు రాసిన లైబ్రరీలు.

వీటిని తెచ్చి బిల్డ్ చేయడానికి వీఎల్‌సీ సోర్స్‌లో ‘కాంట్రిబ్’ అనే ఫోల్డర్ ఉంది. అందులో ఒక్కో లైబ్రరీకి ఒక్కో చిన్న ఫోల్డర్. నేను తెరిచి చూస్తే ముఖ్యంగా మూడు విషయాలు కనిపించాయి.

1. రూల్స్ ఫైల్: ఏ వెర్షన్, ఎక్కడి నుంచి తేవాలి, ఎలా బిల్డ్ చేయాలి.

2. షా-512 చెక్‌సమ్: డౌన్‌లోడైన ఫైల్‌లో ఒక్క బిట్ తేడా ఉన్నా బిల్డ్ ఆగిపోతుంది.

3. ప్యాచ్‌లు: అవసరమైన చోట మాత్రమే చేసే చిన్న మార్పులు.

అసలు తలనొప్పి ప్యాచ్‌లతోనే. లైబ్రరీ కొత్త వెర్షన్ వస్తే పాత ప్యాచ్ అతక్కపోవచ్చు. అందుకే మార్పుని అసలు రచయితలకే పంపాలి. వాళ్లు తీసుకుంటే ఇక్కడ ఆ ప్యాచ్ తీసేయొచ్చు. మోసే బరువు తగ్గుతుంది.

ఇదంతా ఎందుకంటారా? 2019 జులైలో వీఎల్‌సీలో ప్రమాదకరమైన లోపం ఉందని వార్తలొచ్చాయి. తీవ్రత 10కి 9.8 అన్నారు. తీరా చూస్తే లోపం లిబ్‌ఈబీఎంఎల్‌ది. దాన్ని 16 నెలల ముందే సరిచేశారు. వీఎల్‌సీ కూడా 3.0.3 నుంచి మంచి వెర్షన్‌నే ఇస్తోంది. కంప్లైంట్ చేసినవారి ఉబుంటు 18.04లో మాత్రం పాత లైబ్రరీ ఉంది. తర్వాత ఆ స్కోరుని 5.5కి తగ్గించారు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. విండోస్‌లో వీఎల్‌సీ తన లైబ్రరీలని తనతోనే తెస్తుంది, కాబట్టి అప్‌డేట్ బాధ్యత దానిదే. లైనక్స్‌లో సాధారణంగా ఆ పని డిస్ట్రిబ్యూషన్‌ది. కాపలా ఎవరిదైనా, వాళ్లు ఆలస్యం చేస్తే నష్టపోయేది సినిమా చూసుకుంటున్న మామూలు మనిషి. చెడ్డపేరు మాత్రం ప్లేయర్‌కి!

మన మినీ ప్రాజెక్ట్‌లకీ ఇదే వర్తిస్తుంది. లైబ్రరీని కాపీ చేసి ఫోల్డర్‌లో పడేయడానికి నిమిషం చాలు. దాంతోపాటు వెర్షన్, లైసెన్స్, ఎక్కడి నుంచి తెచ్చాం, ఏం మార్చాం, ఎందుకు మార్చాం అన్నవి ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసి పెడదాం. రేపు లోపం బయటపడితే ఎక్కడ వెతకాలో మన జూనియర్లకి ఆ ఫైలే చెబుతుంది.