కొడుకు గ్రీన్‌కార్డుతో అమ్మానాన్నలు వెళ్లగలరా?

ప్రశ్న: మా అబ్బాయికి అమెరికా గ్రీన్‌కార్డు ఉంది. మమ్మల్ని శాశ్వతంగా తీసుకెళ్లగలడా? నాకు జనన ధ్రువపత్రం లేదు.
– ఒక తల్లి, తెనాలి

జవాబు: ఇప్పుడే కుదరదమ్మా. తల్లిదండ్రులను పిలిపించుకోవాలంటే అతనికి పౌరసత్వం ఉండాలి, 21 ఏళ్లు నిండాలి. పౌరసత్వం వచ్చాక మీ ఇద్దరికీ వేర్వేరుగా ఐ-130 దరఖాస్తు వేయాలి. తల్లిదండ్రుల వీసాలకు ఏటా ఇన్నేనన్న పరిమితి లేదు.

మీ జననం నమోదు కాలేదని మునిసిపాలిటీ నుంచి పత్రం తీసుకోండి. దానికి పదో తరగతి సర్టిఫికెట్, మీ పుట్టుక తెలిసిన పెద్దల అఫిడవిట్లు జతచేయండి. మీ పేరున్న అబ్బాయి జనన పత్రం మరీ ముఖ్యం. పేర్లలో అక్షరాల తేడాలుంటే ఇప్పుడే సరిచేయించండి.

ఒక్క మాట. గ్రీన్‌కార్డు అక్కడ కాపురముండేవారికే. ముందస్తు రీఎంట్రీ పర్మిట్ లేకుండా ఏడాది దాటి ఇక్కడే ఉండిపోతే ఆ కార్డుతో తిరిగి వెళ్లడం కష్టం. ఇల్లు, బంధువులను వదల్లేమనుకుంటే విజిటర్ వీసాయే మేలు.