నోరు తెరిపించే ముందు

రమ్యా,

డెంటల్ కాలేజీలో మూడో ఏడాదిలోకి వచ్చావనీ, ఇక ఓపీలో పేషెంట్లను చూస్తావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పాఠాలు చెప్పడానికి మీ ప్రొఫెసర్లున్నారు. నేను రాసేది నా తప్పు సంగతి.

శ్రీకాకుళంలో ప్రాక్టీసు పెట్టిన కొత్తలో బియ్యంకొట్టు ఆసామి ఒకాయన వచ్చేవాడు. చిగుళ్ళు ముట్టుకుంటే నెత్తురు. గార తీసి పంపేవాణ్ణి, ఆర్నెల్లకి మళ్ళీ అదే. బ్రష్ సరిగ్గా చెయ్యడం లేదని కసురుకుంటే పాపం తలొంచుకునేవాడు. మూడోసారి మాటల మధ్యలో, రాత్రుళ్ళు నాలుగైదుసార్లు ఒంటేలుకి లేస్తున్నానన్నాడు. రక్తపరీక్ష చేయిస్తే షుగరు 300 దాటింది. అన్నాళ్ళూ ఆ ఒక్క ప్రశ్న నేను అడగనేలేదు.

షుగరు పెరిగితే చిగుళ్ళు పాడవుతాయని అందరికీ తెలుసు. ఎదురుదారి కూడా ఉందమ్మా. చిగుళ్ళ కింద నెలల తరబడి మగ్గే వాపు ఊరుకోదు. అందులో పుట్టే రసాయనాలు రక్తంలో కలిసి ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. అందుకే షుగరున్నవాళ్ళ చిగుళ్ళకి లోతుగా వైద్యం చేస్తే, మూడు నాలుగు నెలల్లో షుగరు లెక్క చెప్పే హెచ్‌బీఏ1సీ సగటున 0.4 శాతం దాకా దిగుతోంది. అంకె చిన్నదే, తీసిపారేసేది కాదు. చిగురు సందులో ప్రోబు 3 మిల్లీమీటర్లు దాటి దిగిపోతూ, నెత్తురొస్తోందంటే లోపల పుండు ఉన్నట్టే. అదే పుండు కాలిమీద ఉంటే మనిషి ఆ సాయంత్రమే ఆస్పత్రికి పరిగెత్తుతాడు.

అలాగని చిగుళ్ళు బాగుచేసుకుంటే గుండెపోటు రాదని ఎవరికీ చెప్పకు. రెండూ ఒకరిలోనే తరచుగా కనిపిస్తాయి, ఒకటి మాన్పితే రెండోది ఆగుతుందని తేలలేదు. గుండె కవాటం మార్పించుకున్నవాళ్ళ సంగతి వేరు. పన్ను పీకే ముందు వాళ్ళకి యాంటీబయాటిక్ పడాల్సిందే. లేకపోతే నోట్లో సూక్ష్మజీవులు నెత్తుట్లో పడి కవాటాన్ని పట్టుకోవచ్చు.

ఇంకోటి. మనవైపు ముసలమ్మలు వస్తే పళ్ళతో ఆపకు, అంగిలి చూడు. చుట్ట కాలేకొస నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ వాళ్ళలో కొందరికి ఇంకా ఉంది. పుండు అక్కడే లేస్తుంది. సిగ్గుపడి చెప్పరు, మెల్లగా అడగాలి.

నాకు కిందిపళ్ళు రెండు కదులుతున్నాయి. దసరాకి వచ్చినప్పుడు చూద్దువుగాని. షుగరు రిపోర్టు తీసి ఉంచుతాను.

మీ తాతయ్య